ఉపవాసం మానలేదు, కానీ విశ్వాసం ఎండిపోతోంది. ఎక్కడ తప్పుతున్నాను?

నిరీక్షణ_77:

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. చాలా రోజులుగా అడగాలనుకుని ఆగిపోతున్న ప్రశ్న ఇది. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మూడేళ్ళ క్రితం అమ్మకు జబ్బు ముదిరినప్పుడు 21 రోజులు ఉపవాసం పెట్టుకున్నాను. దానియేలు మూడు వారాలు రుచికరమైన భోజనం ముట్టలేదని చదివి ఆ లెక్క తీసుకున్నాను, సాయంత్రం ఒక్కపూట మాత్రమే తినేవాణ్ణి. ఇరవయ్యో రోజు అమ్మ వెళ్ళిపోయింది. మర్నాడు సమాధి కార్యక్రమం, ఆ రోజు ఎలాగూ నోట్లోకి ఏదీ దిగలేదు, కాబట్టి లెక్క ప్రకారం 21 పూర్తయింది. దేవుడి మీద కోపం వచ్చిందని చెప్పలేను. కానీ లోపల ఏదో మూసుకుపోయింది, అది ఇప్పటికీ తెరుచుకోలేదు.

ఆ తర్వాత కూడా ఉపవాసం మానలేదు. ప్రతి శుక్రవారం ఉదయం, మధ్యాహ్నం తినను. సంఘంలో సేవ కూడా చేస్తాను. ఆదివారం కుర్చీలు సర్దడం, నడవలేని ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళను కారులో తీసుకొచ్చి మళ్ళీ దింపడం, ఇలా ఏది చెప్తే అది. బయటివాళ్ళ దృష్టిలో నేను ప్రార్థనాపరుణ్ణి. నిజం ఏమిటంటే శుక్రవారం ఆఫీసులో గడియారం చూస్తూ కూర్చుంటాను, మధ్యాహ్నం ప్రార్థన చేసుకుందామని కళ్ళు మూసుకుంటే పది నిమిషాలకే మనసు ఎక్కడికో పోతుంది, సాయంత్రానికి తలనొప్పి, చిరాకు, పిల్లలు చిన్న శబ్దం చేసినా అరిచేస్తాను. పోయిన వారం మా పాప వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి మెల్లగా "ఈ రోజు శుక్రవారమా?" అని అడిగింది. అవునని చెప్పగానే బొమ్మలు తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఉపవాసం నిజంగా విశ్వాసాన్ని పెంచుతుందా? మీరు ఆ రోజును ఎలా గడుపుతారు? అడిగింది జరగకపోయినా దేవుణ్ణి నమ్మడం మీరెలా నేర్చుకున్నారు? "ఇంకా ఎక్కువ ప్రార్థించు బ్రదర్" అని మాత్రం దయచేసి చెప్పకండి, అది చాలామంది చెప్పారు.

*

నైట్_డ్యూటీ_సిస్టర్:

బ్రదర్, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మా వారు యాక్సిడెంట్ తర్వాత పదకొండు రోజులు కోమాలో ఉన్నారు. సంఘమంతా వంతులు వేసుకుని చెయిన్ ప్రార్థన, ఉపవాసం చేశారు. ఆయన లేవలేదు. తర్వాత ఒకావిడ నా చెయ్యి పట్టుకుని "విశ్వాసం కాస్త తక్కువైందేమో అమ్మా" అంది. ఆ మాట నన్ను చర్చికి ఏడాది దూరం చేసింది. అందుకే ముందుగా మీకిది చెప్తున్నాను. మీ అమ్మగారు మీ విశ్వాసం తక్కువై చనిపోలేదు. ఇరవయ్యో రోజుకీ ఇరవై ఒకటో రోజుకీ మధ్య ఏ రహస్యమూ లేదు.

నన్ను మళ్ళీ నిలబెట్టింది 2 సమూయేలు 12వ అధ్యాయం. దావీదు బిడ్డ కోసం ఏడు రోజులు నేలమీద పడి ఉపవాసం ఉన్నాడు, ఏడో రోజు బిడ్డ చనిపోయాడు. ఆ మాట రాజుకు చెప్పడానికి సేవకులు భయపడ్డారు. ఆయన మాత్రం లేచి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని, ముందు దేవుని మందిరానికి వెళ్ళి మొక్కి, అప్పుడు ఇంటికొచ్చి భోజనం అడిగాడు. ఇదేమిటని వాళ్ళు అడిగితే, బిడ్డ బతికున్నప్పుడు దేవుడు కనికరిస్తాడేమో ఎవరికి తెలుసు అనుకుని ఉపవాసం ఉన్నానన్నాడు.

"ఎవరికి తెలుసు." ఈ మాట దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. తర్వాత గమనిస్తే ఇదే మాట ఇంకా మూడుచోట్ల ఉపవాసం పక్కనే ఉంది. యోవేలు 2లో ఉపవాసంతో తిరిగి రండని పిలిచి వెంటనే, ఆయన మనసు తిప్పుకుంటాడేమో ఎవరికి తెలుసు అంటాడు. యోనా 3లో నీనెవె రాజు అదే అంటాడు. ఎస్తేరు 4లో ఆమెను పెంచిన మొర్దెకై ఆమెతో, ఇలాంటి సమయం కోసమే నువ్వు రాణివయ్యావేమో ఎవరికి తెలుసు అంటాడు, దానికి జవాబుగా ఎస్తేరు మూడు రోజుల ఉపవాసం చాటిస్తుంది. నీనెవె తప్పించుకుంది, ఎస్తేరు బతికింది, దావీదు బిడ్డ బతకలేదు. కానీ నలుగురూ ఒకే విధంగా వచ్చారు, రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని. మేమేమో ఆ పదకొండు రోజులు దేవుడి దగ్గర బాకీ వసూలు చేసుకోవడానికి వెళ్ళినట్టు వెళ్ళాం. నాకు అర్థమైన తేడా అదే.

ఇంకొక్కటి. బాప్తిస్మమిచ్చే యోహాను శిష్యులు వచ్చి నీ శిష్యులు ఎందుకు ఉపవాసం చేయరని అడిగినప్పుడు, మత్తయి 9:15లో యేసు ఇచ్చిన జవాబు చూడండి. పెండ్లికుమారుడు తోడుంటే పెండ్లి ఇంటివారు దుఃఖపడగలరా అన్నాడు. వాళ్ళు ఉపవాసం గురించి అడిగితే ఆయన దుఃఖం గురించి మాట్లాడాడు, అంటే ఆయన దృష్టిలో ఆ రెండూ అంత దగ్గర. మీరు దుఃఖపడకుండా ఉపవాసం చేస్తున్నారేమో అనిపిస్తోంది బ్రదర్. అమ్మ కోసం మీరు ఏడ్చారా?

*

రెండో_మైలు:

సిస్టర్ చెప్పినంత లోతుగా నేను చెప్పలేను గానీ, మీ పాప అడిగిన ప్రశ్న మీద మాట్లాడతాను, ఎందుకంటే మా ఇంట్లో కూడా కొన్నేళ్ళు అదే పరిస్థితి.

యెషయా 58 ఈసారి నెమ్మదిగా చదవండి. మేము ఉపవాసం ఉంటే నువ్వెందుకు చూడవని జనం అడుగుతారు. అది మీ ప్రశ్నే. దేవుడు ఆ ప్రశ్నను తిట్టడు, మీ ఉపవాస దినాన ఏం జరుగుతోందో చూడండి అంటాడు. మీ వ్యాపారం మీరు చేసుకుంటున్నారు, పనివాళ్ళ చేత కష్టమైన పని చేయిస్తున్నారు, కలహపడుతున్నారు, పిడికిళ్ళతో గుద్దుకుంటున్నారు. ఆకలితో వచ్చే కోపం ఆ రోజుల్లోనూ ఉందన్నమాట! తర్వాత తనకిష్టమైన ఉపవాసం ఏదో చెప్తాడు. కట్లు విప్పడం, ఆకలిగొన్నవాడికి నీ ఆహారం పెట్టడం, దిక్కులేనివాణ్ణి ఇంటికి తేవడం, బట్టల్లేనివాడికి కట్టబెట్టడం. ఈ నాలుగూ అందరం బోధిస్తాం. ఏడో వచనం చివర ఇంకోటి ఉంది, దాన్ని ఎవరూ బోధించగా నేను వినలేదు: నీ రక్తసంబంధికి ముఖం చాటేయకుండా ఉండటం. అది మీ పాపే బ్రదర్. శుక్రవారం మధ్యాహ్నం ఎన్ని గంటలు మోకరించినా సాయంత్రం ఆరింటికి ఇంట్లో అడుగుపెట్టిన తర్వాత ఏం జరుగుతుందన్నదే ఆ రోజు ఉపవాసం.

ఇక నేను చేసేది. మొదటి తరాల క్రైస్తవులకు ఉపవాసం అంటే తినకపోవడంతో అయిపోయే పని కాదు. రెండో శతాబ్దపు "హెర్మాస్ కాపరి" అనే గ్రంథంలో, ఉపవాస దినాన రొట్టె, నీళ్ళతో సరిపెట్టుకుని, మామూలుగా అయితే ఆ రోజు తిండికి ఎంత ఖర్చయ్యేదో లెక్కకట్టి విధవరాలికో అనాథకో ఇవ్వమని ఉంటుంది. అదే శతాబ్దంలో ఏథెన్సుకు చెందిన అరిస్టైడీస్ రోమా చక్రవర్తికి రాసిన విన్నపంలో క్రైస్తవుల గురించి ఇలా చెప్తాడు: తమలో ఒక పేదవాడుండి, అతనికి పెట్టడానికి తమ దగ్గర మిగులు లేకపోతే, వాళ్ళు రెండు మూడు రోజులు పస్తుండి అతనికి తిండి సమకూరుస్తారని. ఆ విన్నపం చాలా కాలం కనబడకుండా పోయి, 1889లో సీనాయి కొండ దగ్గరి మఠంలో సిరియాక్ భాషలో ఉన్న దాని ప్రతి దొరికింది. దాని గురించి చదివిన రోజు నా ఉపవాసం మారిపోయింది. అప్పటిదాకా నేను తినని భోజనం ఎక్కడికీ వెళ్ళేది కాదు, ఊరికే మిగిలిపోయేది.

ఇప్పుడు నా ఉపవాస రోజు భోజన విరామం ఒక పెద్దాయన దగ్గర గడుస్తుంది. ఆయనకు చూపు పోయింది. ఒక గంట పేపరు చదివి పెడతాను, ఒక కీర్తన చదువుతాను, ఉత్తరాలేమైనా ఉంటే చూసిపెడతాను. ఆయన క్రైస్తవుడు కాదు, కీర్తన మాత్రం ఆయనే అడుగుతాడు. ఆకలి వేస్తూనే ఉంటుంది, కానీ గడియారం చూసే తీరిక ఉండదు. మీరూ ఎవరినైనా ఒకరిని చూసుకోండి, ఒక్కరు చాలు.

*

గోధుమగింజ:

చిన్న మాట, కానీ అవసరమైన మాట. నేను ఇన్సులిన్ తీసుకునే షుగర్ పేషెంటును. పదేళ్ళ క్రితం ఎవరికీ చెప్పకుండా రెండు పూటలు మానేసి ఆఫీసు మెట్ల మీద పడిపోయాను. షుగర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఒకప్పుడు తిండి విషయంలో మానసికంగా ఇబ్బంది పడినవాళ్ళు, రోజూ మందులు వేసుకునేవాళ్ళు డాక్టరును అడగకుండా ఉపవాసం మొదలుపెట్టొద్దు. ఇది విశ్వాసలోపం కాదు. కతోలిక సంఘం ఉపవాసాన్ని నియమంగా పెట్టింది, విభూది బుధవారం, మంచి శుక్రవారం 18 నుంచి 59 ఏళ్ళ వాళ్ళు ఉండాలని. అక్కడ కూడా నిండా తినేది ఒక్కపూట అయినా, మిగతా రెండు పూటలా కొద్దిగా తినొచ్చు, జబ్బుగా ఉన్నవాళ్ళకు అసలు మినహాయింపే.

నిరీక్షణ గారూ, మీ సాయంత్రపు తలనొప్పిలో సగం కాఫీ, టీ మానడం వల్ల కావచ్చు. రోజూ తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపితే తలనొప్పి, చిరాకు రెండూ వస్తాయి. రెండు రోజుల ముందునుంచే తగ్గించుకుంటూ రండి, శుక్రవారం నీళ్ళు బాగా తాగండి. ఉన్న చిరాకునంతా ఆత్మీయ సమస్య అనుకోనక్కర్లేదు.

నేను తిండి మానలేను కాబట్టి వారానికో రోజు ఫోను మానేస్తాను, ఎవరి గురించీ ఫిర్యాదు మాట్లాడను. నిజం చెప్తున్నా, రెండోది ఆకలికన్నా కష్టం.

*

నిరీక్షణ_77:

అందరికీ థాంక్స్. సిస్టర్, మీ చివరి ప్రశ్నకు జవాబు: లేదు. అంత్యక్రియల పనులన్నీ నా మీదే పడ్డాయి, నాన్నను చూసుకోవాలి, తమ్ముడు కుప్పకూలిపోయాడు. ఏడ్చే టైము రాలేదు, తర్వాత అలాగే ఉండిపోయింది. మీరు రాసింది చదివాక ఆఫీసు కారు పార్కింగులో చాలాసేపు కూర్చుండిపోయాను.

నమ్మకం గురించి ఇంకో సందేహం. అమ్మ పోయినప్పటినుంచి నేను అన్నీ నా చేతుల్లోనే పెట్టుకుంటున్నాను. మా కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారు, నెలనెలా టెన్షన్. పొదుపు లెక్కలు రోజుకు మూడుసార్లు చూసుకుంటాను. దేవుణ్ణి నమ్మేవాడు ఇలా ఉండకూడదని ఒకరు అన్నారు, అన్నీ వదిలేసి ఆయన మీద ఆధారపడాలట. నాకు ఆ ధైర్యం లేదు. అంటే నాకు నమ్మకం లేనట్టేనా?

*

అహవా_తీరం:

లేదు బ్రదర్, అలా కాదు. నా పేరు ఎక్కడినుంచి తీసుకున్నానో చెప్తే జవాబు దొరుకుతుంది. ఎజ్రా 8లో, బబులోను నుంచి యెరూషలేముకు కుటుంబాలతో, పిల్లలతో, బోలెడంత వెండి బంగారాలతో బయల్దేరాలి, దారిలో శత్రువులున్నారు. రాజును సైనికుల్ని అడగొచ్చు. కానీ మా దేవుని హస్తం తనను వెదికేవారికి తోడుంటుందని ఎజ్రా అప్పటికే రాజుతో చెప్పేశాడు, ఇప్పుడు సైన్యం అడగడానికి సిగ్గేసింది. ఆ సంగతి దాచకుండా రాసుకున్నాడు, అందుకే ఆయనంటే నాకు ప్రేమ. అహవా నది దగ్గర ఉపవాసం చాటించాడు, దేవుడు విన్నాడు, క్షేమంగా చేరారు.

ఇక్కడితో ఆపేస్తే మీ స్నేహితుడు చెప్పిందే నిజమనిపిస్తుంది. కానీ పక్క పుస్తకం తీయండి. నెహెమ్యా కూడా అదే రాజు దగ్గర్నుంచి అదే యెరూషలేముకు వెళ్ళాడు. ఆయన కూడా ఉపవాసం ఉండి, ఏడ్చి ప్రార్థించినవాడే, మొదటి అధ్యాయంలోనే ఉంది. అయితే ఆయన రాజు దగ్గర అధికార పత్రాలు అడిగి తీసుకున్నాడు, సైన్యాధిపతులు, గుర్రపు రౌతులు వెంట రాగా వెళ్ళాడు, నెహెమ్యా 2:9. బైబిలు ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేదు. ఒకే దేవుడు, ఒకే గమ్యం, ఒకరు సైన్యం లేకుండా, ఒకరు సైన్యంతో. ఇద్దరూ మోకాళ్ళ మీదనుంచే లేచి వెళ్ళారు. సైన్యాన్ని తీసుకున్నంత మాత్రాన నమ్మకం లేనట్టు కాదు, వద్దన్నంత మాత్రాన ఉన్నట్టూ కాదు.

ఇలాంటి చర్చ వచ్చినప్పుడల్లా జార్జి ముల్లర్ పేరు చెప్తారు. నిజంగా గొప్ప మనిషి. 1830లో స్థిర జీతం వదులుకున్నాడు, 1836లో బ్రిస్టల్‌లో అనాథాశ్రమం మొదలుపెట్టాడు, 1898లో చనిపోయేలోపు పదివేల మందికి పైగా పిల్లలకు ఆశ్రయం ఇచ్చాడు, అవసరం ఇదీ అని ఏ మనిషినీ డబ్బు అడగలేదు. కానీ ఆయన లెక్కలు ఎంత జాగ్రత్తగా రాసేవాడో, ఏటేటా నివేదికలు అచ్చు వేయించేవాడో చాలామంది చెప్పరు. పుస్తకాలు మూసేసి కూర్చుని నమ్మినవాడు కాదు ఆయన. పొదుపు ఉంచుకోండి, ఇంకో ఉద్యోగం కోసం చూసుకోండి. రోజుకు మూడుసార్లు లెక్క చూసేది ఒక్కసారికి తగ్గించి, ఆ మిగిలిన రెండుసార్లు చెయ్యి ఫోను మీదికి వెళ్ళినప్పుడు "తండ్రీ, నా ఇల్లు నీ చేతిలో ఉంది" అనండి. ఇదీ ఉపవాసమే. నేను రెండేళ్ళ క్రితం ఉద్యోగం పోయినప్పుడు ఇలాగే మొదలుపెట్టాను, మొదటి నెల ఆ మాట నోటితో అనడమే తప్ప మనసు కదల్లేదు. అయినా అనండి.

*

ఓలివకొమ్మ:

రెండో_మైలు బ్రదర్ చెప్పింది మంచిదే, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఈ సహోదరుడికి ఇప్పుడు ఇంకో పని అప్పగించడం నాకు సరైనదిగా అనిపించట్లేదు. ఆయన పోస్టు మళ్ళీ చదవండి. కుర్చీలు ఆయనే, కారు ఆయనే, నాన్న బాధ్యత ఆయనదే, తమ్ముడి బాధ్యత ఆయనదే. మూడేళ్ళుగా ఇస్తూనే ఉన్నాడు, ఎవరైనా ఆయనకేమైనా ఇచ్చారా?

యోహాను 13లో యేసు కాళ్ళు కడుగుతుంటే వద్దన్నది పేతురే, అందరికన్నా ఎక్కువ చేయాలనుకునే మనిషి. నేను నిన్ను కడగకపోతే నాతో నీకు భాగం లేదని యేసు అన్నాడు. శిష్యుల్ని ఒకరి పాదాలు ఒకరు కడగమని చెప్పింది ఆ తర్వాత. ముందు కాళ్ళు చాపి కూర్చోమన్నాడు. సేవ చేసీ చేసీ ఎండిపోయినవాళ్ళను మా సంఘంలో చాలామందిని చూశాను, నేనూ అందులో ఉన్నదాన్నే, మళ్ళీ నీరు వచ్చింది ఇంకొకరు నా కోసం వంగినప్పుడే.

ఒక రెండు శుక్రవారాలు ఉపవాసం ఆపండి బ్రదర్. ఆ కారులో మీరు తీసుకొచ్చే పెద్దవాళ్ళలో ఎవరైనా మీ అమ్మగారిని ఎరిగినవాళ్ళుంటే వాళ్ళింటికి వెళ్ళి కూర్చోండి. ఏమీ చేయొద్దు.

*

రెండో_మైలు:

ఓలివకొమ్మ అక్కా, మీరన్నది నిజం. నేను నా సంగతి చూసుకుని మాట్లాడాను, ఆయన అలసట చూడలేదు. బ్రదర్, నా సలహా పక్కన పెట్టండి, ముందు ఇది చేయండి.

*

నిరీక్షణ_77:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను.

రెండు శుక్రవారాలు మధ్యాహ్నం భోజనం చేశాను. మొదటిసారి తప్పు చేస్తున్నట్టు అనిపించి చెయ్యి ఆగింది, దావీదు గుర్తొచ్చి తిన్నాను. రెండో శుక్రవారం ఆఫీసు నుంచి నేరుగా ఒక పెద్దావిడ ఇంటికి వెళ్ళాను, ఆదివారాలు నా కారులో వచ్చే ఆవిడే. అమ్మా ఆవిడా ఒకప్పుడు స్త్రీల ప్రార్థనకు కలిసి వెళ్ళేవారు. నేను వెళ్ళి కూర్చోగానే ఆవిడ ఏమీ అడగలేదు, అమ్మ పాట ఎప్పుడూ తప్పు చరణంతో మొదలుపెట్టేదని, అందరూ నవ్వుతుంటే ఆపకుండా అదే పూర్తి చేసేదని చెప్పడం మొదలుపెట్టింది. నాకు అమ్మ చివరి ఇరవై రోజులే గుర్తున్నాయి ఇన్నాళ్ళూ, అంతకుముందు అమ్మ ఎలా ఉండేదో మర్చిపోయాను. అక్కడే ఏడ్చాను. చాలాసేపు. ఆవిడ నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది, ఏమని చేసిందో సరిగా వినలేదు.

మూసుకుపోయింది పూర్తిగా తెరుచుకుందని చెప్పను. కానీ ఆ రాత్రి మూడేళ్ళలో మొదటిసారి దేవుడితో "ఎందుకు తీసుకెళ్ళావు" అని గట్టిగా అన్నాను, అలా అన్నాక ఆయన గదిలోనే ఉన్నట్టు అనిపించింది. ఇన్నాళ్ళూ మర్యాదగా మాట్లాడుతూ దూరంగా ఉన్నది నేనే.

ఈ వారం మళ్ళీ ఉపవాసం మొదలుపెట్టాను, మధ్యాహ్నం ఒక్కపూటే, టీ ముందే తగ్గించాను, తలనొప్పి రాలేదు. లెక్కలు ఒకసారే చూస్తున్నాను, నిన్న మాత్రం రెండుసార్లయింది. పాపకు శుక్రవారం గురించి సారీ చెప్పాను. ఆ పెద్దావిడ ఇంట్లో వరండా బల్బు పోయి చాలా రోజులైందట, ఎవరినీ అడగలేదు. వచ్చే శుక్రవారం ఆఫీసు అయ్యాక నిచ్చెన తీసుకెళ్ళి మారుస్తానన్నాను. నిచ్చెన తాను పట్టుకుంటానని పాప కూడా బయల్దేరుతోంది.